మార్కెట్ వేళకే మీటింగు

బాపూ, నేను మంచిగనే ఉన్న, ఫికర్ చెయ్యకు. కోపమే దిగుతలేదు.

మొయినాబాద్‌ల మా దవాఖానల ఏం మార్చాల్నో మమ్ముల్నే అడుగుతమని మీటింగు పెట్టిన్రు. ఎప్పుడు? ఆడోళ్లందరు చేవెళ్ల మార్కెట్ల కూరగాయలు అమ్మే పొద్దుగాల! కొత్తిమీర గంప మరిది పెండ్లానికి అప్పజెప్పి నేనొక్కదాన్నే బస్సెక్కి ఉరికిన. "బీపీ గోలీలు సాయంత్రం ఇయ్యుండ్రి, పొద్దుగాల మేం మార్కెట్ల ఉంటం" అన్న. ఆఫీసరు ఖాళీ కుర్చీలు చూపెట్టిండు. "ఎవ్వరు రాలే, అంటే ఎవ్వరికి తకలీఫ్ లేనట్టే కదమ్మా" అన్నడు. "మా మార్కెట్ల పెట్టు సారూ మీటింగు, ఎందరు చెప్తరో చూడు" అని మొఖం మీదనే అన్న.

బర్రె ఈనిందా? అవ్వ మోకాళ్లు ఎట్లున్నయి? జర చింతపండు పంపు. మీ దవాఖానల మీటింగు పెడితే పని ఇడిసైనా పో బాపూ. పోకుంటె నీకు నొప్పే లేదని రాసుకుంటరు.

అవ్వకు శనార్థులు.
నీ బిడ్డ సాయమ్మ