నలభై డబ్బాలు, ఒక సంచి

మే 2, ఉదయం 6:00
నిర్ణయం: పరిశోధన పూర్తయ్యేదాకా మామిడిపండు ముట్టను.

నా పీహెచ్‌డీ పండు ఈగ మీద. అది కాయకు గాటు పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. పుట్టిన తోటలోనే ఉండిపోతే నగరి ఈగలు ఒక వంశం, ఏర్పేడు ఈగలు ఇంకో వంశం అవుతాయి. ఊళ్లు తిరిగితే అన్నీ కలిసిపోతాయి. ఏది నిజమో డీఎన్ఏ చెప్పాలి.

ల్యాబులో పెడితే పండ్లను ఎలుకలు కొరికేస్తున్నాయి. అందుకని నలభై డబ్బాలూ తిరుపతిలో నా గదిలోనే. నగరివి ఇరవై, ఏర్పేడువి ఇరవై. డబ్బాకో పండు. గైడు రేవతి మేడం ముందే చెప్పారు: "నియాజ్, అది నీకు తిండి కాదప్పా. ఈగకు ఇల్లు."

చాలా తేలిక. నేను మనిషిని, ఈగను కాను.

మే 5, మధ్యాహ్నం 1:30
గదంతా బంగినపల్లి వాసన. కిటికీ తెరిచాను. లాభం లేదు. దోసకాయ తిన్నాను.

మే 8
ఏర్పేడు 7వ డబ్బా. పండుకు గాటే లేదు. పరిశోధనకు పనికిరాదు. పారేస్తే పాపం. తిన్నాను. ఇది మాట తప్పడం కాదు, నాణ్యత పరిశీలన.

మే 9
11, 14 కూడా పరిశీలించాను. 14కి గాటు ఉన్నట్టుంది. పెద్దగా వెతకలేదు.

మే 11
నగరి నుంచి మా అమ్మీ సంచితో వచ్చి, గది ఊడ్చి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. డబ్బాలు చూశాను. నలభైలోనూ పండ్లున్నాయి! ఎలాగని ఆలోచించలేదు. ఆలోచిస్తే తెలిసిపోతుందని భయం.

జూన్ 18, ఉదయం 11:00
ఫలితాలు వచ్చాయి. ఏర్పేడు డబ్బాల్లో మూడింటిలో నగరి వంశం. మేడం ముఖం వెలిగిపోయింది. "ఇంత దూరం ఎగిరొచ్చినాదంటే సామాన్యం కాదబ్బా. సదస్సులో నువ్వే చెప్పు."

ఆ మూడూ 7, 11, 14. అబద్ధం నా పేరుతో అచ్చవుతుంది.

సాయంత్రం 6:00
అమ్మీకి ఫోన్.
"మూడు డబ్బాలు ఖాళీగా ఉంటే సూడలేకపోయినాన్రా. మన తోటవి పెట్టినాను, నువ్వు తింటావని. తియ్యగా ఉండాయా?"
"పురుగులున్నాయమ్మీ."

జూన్ 19
మేడంకు అంతా చెప్పేశాను, తిన్నవాటితో సహా. ఆవిడ డబ్బాల జాబితా తీసి ఆ మూడు నంబర్లూ కొట్టేశారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. చివరికి అన్నారు: "అయితే ఈగ ఎగరలా. పండులో కూర్చోని బస్సెక్కినాది. రోజూ ఇట్లాంటి సంచులు ఎన్ని దిగతాయో యాడన్నా లెక్క ఉండాదా?"

సదస్సు లేదు. అంతా మొదటి నుంచి. ఈసారి బస్సు దిగే సంచులు కూడా శాంపిళ్లే. మొదటి సంచి మా అమ్మీదే కావాలట.

జూన్ 24, ఉదయం 6:00
నీలం రకం మామిడిపండ్లు మొదలయ్యాయి. నిర్ణయం: పరిశోధన పూర్తయ్యేదాకా మామిడిపండు ముట్టను.

9:00
అమ్మీ సంచి వచ్చింది. లేబుల్ రాశాను: నగరి, బస్సు, పన్నెండు పండ్లు.

9:20
లేబుల్ దిద్దాను: పదకొండు. ఒకటి పరిశోధకుడు తిన్నాడు.

రేపటి నుంచి ముట్టను.