ఇంపాలాకు కాటలీనా అద్దం

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ముందు అద్దం పగిలి మన రిపేరు షెడ్డులోనే ఉండిపోయిన పాత ఇంపాలా కారును ఈ నెల దాటితే తుక్కుకు వేస్తానన్నాడు దాని యజమాని. వెతగ్గా వెతగ్గా రావిర్యాల దగ్గర పాత సామాన్ల కొట్టులో ఒక అద్దం కనిపించింది.

కొట్టాయన ముందే చెప్పాడు. "అక్కా, గిది కాటలీనా కారుది. ఇంపాలాకు పట్టదు. మళ్ల తెస్తే వాపస్ తీసుకోను."

"రెండూ ఒక్క కంపెనీవే, ఒక్క ఏడాదివే. మొఖాలు వేరే గని లోపల బొక్కల గూడు ఒక్కటే అని మా బాపు చెప్పిండు" అన్నాను.

నువ్వా మాట అన్నప్పుడల్లా ఇబ్రహీంపట్నం మెకానిక్కులు నవ్వేవాళ్లు. పొద్దున వాళ్లందరినీ పిలిచి, వాళ్ల ముందే బిగించాను. అద్దం రబ్బరు అంచులో చుట్టూ కూర్చుంది, వెంట్రుకవాసి తేడా లేదు. ఒక్కరూ నవ్వలేదు.

అద్దం మూలన కాటలీనా అని పాత స్టిక్కరు ఉంది. యజమాని దాన్ని గీకెయ్యమన్నాడు.

"గది గీకితే అద్దం కూడా పీకి తీస్కపోత సార్" అన్నాను.

ఎంతైనా నీ బిడ్డను.