మీ బల్ల మీద పుట్టిన పాప

సామాజిక భద్రతా కార్యాలయం అధికారిగారికి నమస్కారం.

నేను బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే మనిషిని. నా ప్రసూతి భత్యం దరఖాస్తును తిరస్కరిస్తూ మీరు పంపిన ఉత్తరం అందింది. ఆసుపత్రి ధ్రువపత్రం లేనందున బిడ్డ పుట్టినట్టు నమ్మలేమని అందులో రాశారు.

అయ్యా, ఆ కాన్పు జరిగింది మీ ఆఫీసులోనే. నెలలు నిండిన నన్ను ఈ దరఖాస్తు పని మీదే నాలుగోసారి రమ్మన్నారు. వరుసలో నిలబడి ఉండగానే నొప్పులొచ్చాయి. "కొంచెం ఓర్చుకోమ్మా, నీ ముందు ఇద్దరే ఉన్నారు" అన్నాడు గుమాస్తా. బిడ్డ ఓర్చుకోలేదు. నా వెనక నిలబడ్డ పెద్దావిడే పురుడు పోసింది. మీరు మీ బల్ల మీది ఫైళ్లన్నీ కిందికి తోసేసి చోటిచ్చారు. పాపను మీ తువ్వాల్లో అందుకుని, "నా చేతుల్లో పడింది, దీనికి ఏ లోటూ రానివ్వను" అంటూ కళ్లు తుడుచుకున్నారు.

తిరస్కరణ కాగితం కింద సంతకం కూడా మీదే. తప్పు మీది కాదట. కళ్లతో చూసింది రాయడానికి ఫారంలో గడి లేదని గుమాస్తా చెప్పాడు. అందుకే ఒక తెల్లకాగితం జత చేస్తున్నాను. చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టండి. భత్యం రాకపోతే సోమవారం నుంచి నేను మిషను ముందు కూర్చోక తప్పదు. పాపకింకా మెడ నిలవలేదు.

దాన్ని చూడాలనిపిస్తే ఎప్పుడైనా మా ఇంటికి రండి. వచ్చినవాళ్లను మేము కాగితాలు అడగం.

ఇట్లు,
పాప తల్లి