సగం సీసా, నలభై రెండు రోజులు

మార్చి 4, సువా, ఫిజీ
ల్యాబ్‌లో నా మూడో వారం. పొద్దస్తమానం కఫంతోనే పని. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కలిపితే ఎంత జిగురు ముద్దయినా నీళ్ళయిపోతుంది. అప్పుడే దాంతోపాటు కలిపే క్షారం లోపలిదాకా వెళ్ళి టీబీ క్రిమి తప్ప మిగతావాటిని చంపుతుంది. ఈ సిస్టీన్ చూడ్డానికి తెల్లటి పొడి, కంపు మాత్రం కుళ్ళిన గుడ్డుది. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే!

నీళ్ళలో కలిపాక గాలి తగిలి ఒక్కరోజులో సత్తువ పోతుంది, మిగిలింది పారబొయ్యండని సూపర్‌వైజర్ లిటియా నెత్తీ నోరూ కొట్టుకుంటుంది. ఓడెక్కి వచ్చిన ఖరీదైన పొడి. మా ఇంట్లో మాడిన కసావా దుంప కూడా పారెయ్యరు. సగం సీసా ఫ్రిజ్‌లో దాచాను.

మార్చి 5
దాచినదానితోనే బుబు కెలెరా శాంపిల్ చేశాను. బుబు అంటే అవ్వ, ఐదు నెలలుగా టీబీ వార్డులో ఉన్న ముసలావిడ. ఆరు వారాలు ట్యూబ్‌లో పెంచి చూసే ఈ కల్చర్‌లో క్రిమి లేదని తేలితే కడవు దీవికి, ఇంటికి. మునిమనవడు పుట్టాడు, ఇంకా చూడలేదు. కఫం సరిగా కరగలేదు. అయినా పోనిచ్చాను.

మార్చి 11
ట్యూబ్ మసకబారింది. వేరే క్రిములు. మళ్ళీ శాంపిల్, మళ్ళీ ఆరు వారాలు. నా వల్లే.

మార్చి 12, ఉదయం
లిటియాకు చెప్పేశాను. అరవలేదు. బుబుకు కూడా నువ్వే చెప్పు అంది.

మధ్యాహ్నం
వార్డు కిటికీ ఇవతల నిలబడి చెప్పాను. బుబు నన్ను కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత, మీది ఏ ఊరే అంది. చెప్పగానే పకపకా నవ్వింది. మా రెండు ఊళ్ళదీ తౌవు వరస. ఎంత మాటన్నా కోపం రాకూడదు, ఏదడిగినా కాదనకూడదు. ఓసి పిసినారి పీనుగా, మీ ఊళ్ళో చేప ముల్లు కూడా ఎండబెట్టి దాస్తారని మా నాన్న ఊరికే అనలేదే, ఈ ఆరు వారాలూ రోజూ నాకు కొబ్బరిపాల చేప పట్టుకురా అంది.

కొత్త శాంపిల్‌కు అప్పటికప్పుడు కలిపాను. చూస్తుండగానే కరిగింది. ప్రాణం లేచొచ్చింది.

ఏప్రిల్ 2
చేపలో ఉప్పు లేదట. రేపటి నుంచి కాల్చిన రొట్టెపండు కూడా కావాలట. ట్యూబ్ తేటగానే ఉంది.

ఏప్రిల్ 23
నలభై రెండో రోజు. ఏమీ పెరగలేదు! లిటియా సంతకం పెట్టగానే వార్డుకు పరుగెత్తాను. బుబు స్నానానికి వెళ్ళిందన్నారు. తలుపు బయటి నుంచే అరిచాను. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. ఆ వచ్చింది నవ్వో ఏడుపో తెలీదు. నేనూ అక్కడే కూలబడి ఏడ్చాను. ఇంత సంతోషం నేనెరగను.

ఏప్రిల్ 26
రేవులో, నీ చెప్పులు బాగున్నాయే అంది బుబు. తౌవు కదా, విప్పిచ్చాను. వేసుకుని ఓడెక్కేసింది. రోడ్డు కాలిపోతోంది. ఇంటిదాకా నవ్వుతూనే గెంతుకుంటూ వచ్చాను.