భజనలో తాళాలు ఏమయ్యాయి?

శంషాబాద్

నర్సింలు బావా,

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరమేమిటని నవ్వుకోకు. కారణం చివర్లో చెబుతాను.

మా ఇంట్లో పాత ఆంప్లిఫయర్, స్పీకర్లు నీకు తెలిసినవే. భజన పాట పెడితే తాళాలు ఖంగుమని మోగేవి. ఇప్పుడు డోలక్ దెబ్బ ఒక్కటే వినిపిస్తోంది. కాటేదాన్ మెకానిక్‌కు చూపిస్తే, "ఏం ఖరాబ్ కాలే అన్నా, మంచిగనే ఉంది" అన్నాడు. లోపలి అసలు సామాను పీకేసి నకిలీది వేశాడని నా అనుమానం.

అత్తాపూర్ షాపులో లక్ష రూపాయల కొత్త సెట్ విన్నాను. అందులోనూ తాళాలు లేవు! వాడూ దొంగే.

ఇంట్లోవాళ్లనూ నమ్మబుద్ధి కావడం లేదు. నేను కూర్చుంటే చాలు, గుసగుసగా మాట్లాడుకుంటారు. నా బిడ్డ మనీషా అయితే, "కొత్త సెట్ ఎందుకు బాపు, ముందుగాల దవాఖానకు పోయి చెవులు చూపించుకో!" అని అరిచింది. పైసలు ఖర్చవుతాయని దాని బాధ. ఎయిర్‌పోర్ట్ తెరిచిననాటి నుంచి విమానాల పక్కనే నిలబడి సామాన్లు ఎక్కిస్తున్నాను. చెవులకు పెట్టుకొమ్మని డిప్పలిస్తే, చెమట పడుతోందని పక్కన పడేశాను. అంత మోతను తట్టుకున్న చెవులకు ఏమవుతుంది?

మైక్ సెట్లు కిరాయికిచ్చే మనిషివి, నువ్వే చెప్పు. కొత్తది కొనాలా, దండగా? అక్కకు మాత్రం చెప్పకు, ఆమె మనీషా పక్షమే.

జవాబు కాగితం మీదే రాయి. ఈమధ్య ఫోన్‌లోనూ మాటలు సరిగ్గా రావడం లేదు. దాన్ని కూడా ఎవడో విప్పాడు.