ఇద్దరికి సరిపడా

జూన్ 3, మంగళవారం

అత్తమ్మ కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాల్లో నేను బయట రెండు టీలు తాగి, మూడోది చీర మీద ఒలకబోసుకున్నాను. డాక్టర్ చాలా జాగ్రత్తలు చెప్పాడు. అందులో ఒకటి విని నాకు చెమటలు పట్టాయి. మూడు వారాలు పొయ్యి దగ్గరికి పోకూడదు.

పోకూడనిది ఆమె. పోవాల్సింది నేను. నాకు ముప్పై తొమ్మిదేళ్లు. టీ, మ్యాగీ, ఆమ్లెట్, అంతవరకే నా వంట. పెళ్లికి ముందు అమ్మ వంటింట్లోకి రానివ్వలేదు. తర్వాత అత్తమ్మ రానివ్వలేదు.

జూన్ 4, బుధవారం, రాత్రి 8

ఆమె కుర్చీ వంటింటి గుమ్మంలో వేశాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఇన్‌స్పెక్టర్ లాగా కూర్చుంది. పప్పు ఎంత పొయ్యాలి అని అడిగాను. ఐదు పిడికిళ్లు అంది. పోశాను. కుక్కర్ మూత తీస్తే వీధి మొత్తానికి భోజనం పెట్టొచ్చు. ఆమె ఒకటే నవ్వు. తొమ్మిది మందికి వండిన బిడ్డా, నా చెయ్యికి గదే లెక్క అంది. ఇంట్లో మనుషులు తగ్గినా ఆమె పిడికిలి తగ్గలేదు. ఆమె వండినదాంట్లో సగం రోజూ కింది పోర్షన్ బాలమ్మకు ఎందుకు పోతుందో ఇవాళ అర్థమైంది.

ఉప్పు ఎంత అంటే తగినంత అంటుంది. తగినంత అంటే ఎంత అంటే, చెయ్యికి తెలుస్తది అంటుంది. రాంగోపాల్‌పేట్ రక్తపరీక్షల ల్యాబ్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైక్రోలీటర్లు కొలిచే దాన్ని నేను. నా చేతికి ఏమీ తెలియలేదు.

జూన్ 5

పప్పు.

జూన్ 6

అదే పప్పు. బాలమ్మ కూడా వద్దంది.

జూన్ 8, ఆదివారం

ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. తిరుమల్‌తో విడాకులై రెండేళ్లయింది. అతను పుణెలో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. తల్లిని కూడా రమ్మన్నాడు. నా కన్ను బాగయ్యేదాంక ఈ చిలకలగూడ ఇల్లు ఇడిచిపెట్టి ఎక్కడికి పోను అని ఈమె కొడుకుతో తెగేసి చెప్పింది. కన్ను అప్పటికే మసక.

ఆ మాట పట్టుకుని, బాగైతే ఎక్కడ వెళ్లిపోతుందోనని, నేను ఆపరేషన్ డేట్ మూడుసార్లు వాయిదా వేశాను. ల్యాబ్‌లో లీవ్ దొరకడం లేదని చెప్పాను. ఒక్కసారి కూడా నిజం కాదు. పోయిన నెల గడప తట్టుకుని పడబోయింది. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పుడు కన్ను బాగవుతోంది. రోజూ మూడుపూటలా చుక్కలు వేస్తున్నది నేనే.

జూన్ 10

ఉప్మా. సిమెంటు కలిపినట్టు వచ్చింది. రక్తంల రోగం పట్టుకుంటవ్ గాని రవ్వల ఉండ పట్టుకోలేవా అంది అత్తమ్మ. కూట్లె రాయి తియ్యనోళ్లు ఏట్లె రాయి తీస్తరా అని సామెత కూడా. మొత్తం తిన్నది మాత్రం ఆమే.

జూన్ 12, గురువారం

ఈ ఇంట్లో వంటకి ఒక చట్టం ఉంది. అల్మారాలో నరసింహస్వామి ఫొటో. ఏది వండినా మొదటి గరిటె ఆయనకు చూపించాలి. అంతకుముందు నాలుకకు తగిలితే ఎంగిలి. అంటే రుచి చూడకుండా వండాలి. అత్తమ్మ యాభై ఏళ్లు అట్లాగే వండింది. నా వల్ల కాదు. టెస్ట్ చెయ్యకుండా రిపోర్ట్ మీద సంతకం పెట్టమంటే ఎట్లా?

ఇవాళ పచ్చిపులుసు చేస్తూ ఆమెకు వీపు తిప్పి ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకాను. బెల్లం తక్కువైంది. వేశాను. మళ్లీ నాకాను. దేవుడి ముందు పెట్టేటప్పుడు ఫొటో వైపు చూడలేదు.

రెండుసార్లు వడ్డించుకుంది.

జూన్ 17

బీరకాయ కూర, చారు. చెయ్యి కుదిరింది నీకు అంది. రోజూ దొంగతనమే. బుద్ధి గడ్డి తింటోంది, వంట బాగుపడుతోంది.

జూన్ 21, శనివారం

అత్తమ్మ కూతురు భవాని వదిన ఫోన్. తిరుమలగిరిలో వాళ్లింట్లో కింద రూమ్‌కి రంగులు వేయించారట. కన్ను బాగయింది కదా, 29న కారు తీసుకుని వస్తా, అమ్మను తయారుగ ఉండమను అంది. వదిన మంచిది. అదే తక్లీఫ్. చెడ్డదైతే కొట్లాడేదాన్ని.

చెబితే అత్తమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. ఉండమని చెప్పడానికి నేనెవరిని? కోర్టు కాగితం ప్రకారం ఆమె నాకు ఏమీ కాదు.

జూన్ 25

ఇద్దరికి గ్లాసున్నర బియ్యం. పప్పు ఒక పిడికిలి, నా పిడికిలి. ఆలుగడ్డ వేపుడు అడుగంటలేదు. నాకే నమ్మబుద్ధి కాలేదు.

జూన్ 29, ఆదివారం

అన్నీ రాస్తాను. రాయకపోతే నిద్ర పట్టదు.

ఇవాళ భవాని వదిన వస్తుంది, ఆఖరి రోజు, కనీసం ఇవాళైనా దేవుడితో నిజాయితీగా ఉందామనుకున్నాను. మామిడికాయ పప్పు చేశాను. ఉప్పు నా చేతి లెక్కన వేశాను. రుచి చూడలేదు. స్నానానికి వెళ్లాను.

భోజనాలకు కూర్చున్నాం. వదిన మొదటి ముద్ద పెట్టుకుని ఆగిపోయింది. నీళ్ల గ్లాసు అందుకుంది. నేనూ ముద్ద పెట్టుకున్నాను. ఉప్పు కషాయం. తప్పు నాదే వదినా అన్నాను. కాదు నాది అంది అత్తమ్మ. నేను స్నానంలో ఉండగా వంటింట్లోకి వెళ్లిందట. నేను కంగారులో మరిచిపోయి ఉంటానని, కూతురు ముందు నా మర్యాద పోవద్దని, ఆమె ఇంకోసారి వేసింది. ఆమె కూడా రుచి చూడలేదు. ఈ ఇంటి చట్టం అది.

తర్వాత నా వైపు తిరిగి, రోజూ నాకి చూస్తవ్ కద, ఇయ్యాల ఎందుకు చూడలే అంది.

నా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. కళ్లకు అద్దాలున్నయి గాని చెవులు మంచిగనే ఉన్నయి నాకు, గరిటె చప్పుడు ఎనక నీ నాలిక చప్పుడు ఇనపడదా అంది. స్వామి రెండు వారాల సంది నీ ఎంగిలే తింటుండు, ఆయనకేం కాలే, జెర బలిసిండు సుత అంది. వదిన నవ్వీ నవ్వీ పొలమారింది. నేనూ నవ్వాను. కళ్లలో నీళ్లొచ్చాయి, ఉప్పు వల్ల అనుకున్నారు.

పెరుగన్నంతో భోజనం ముగిసింది. వదిన రూమ్ సంగతి చెప్పింది. ఏసీ ఉంది, మెట్లు లేవు, హాస్పిటల్ పక్కనే అంది. అత్తమ్మ వినేసి నా ముఖం వైపు చూసింది. చాలాసేపు చూసింది.

మంచిదే కదా అత్తమ్మా, అన్నాను.

లేచి బ్యాగ్ సర్దుకుంది.

జూన్ 30

ఒక్కదానికి వండడం ఇద్దరికి వండడం కంటే కష్టం.

జూలై 2, బుధవారం

కుర్చీ గుమ్మంలోనే ఉంది. చారు పెట్టాను. ఎవరికీ తెలియకుండా రుచి చూడాల్సిన పనిలేదు. రుచి చూడలేదు. దేవుడికి చూపించి, తినకుండా ఫ్రిజ్‌లో పెట్టేశాను. బాలమ్మ వచ్చి ముసలామె లేక ఇల్లు బోసిపోయింది అంది. ఆమెతో గట్టిగా మాట్లాడాను. పాపం, ఆమె ఏం చేసింది?

జూలై 6, ఆదివారం

పొద్దున్నే టమాట పప్పు వండి, డబ్బాలో పెట్టుకుని తిరుమలగిరి బస్సెక్కాను. పప్పు ఒక వంక. బస్సులో పక్కావిడ, ఎవరికమ్మా హాస్పిటల్‌కా అని అడిగింది. అవునన్నాను.

అత్తమ్మ ఏసీ ఆపేసి, కిటికీ తెరుచుకుని కూర్చుంది. ఏందే గింత పొద్దుగాల అంది. పప్పు తెచ్చానన్నాను. ఈడ పప్పు లేదా అంది. ఉంది, కానీ అనేసి ఆగిపోయాను. డబ్బా మూత తీశాను, మళ్లీ పెట్టాను. ఇంక దాచుకోలేకపోయాను. అత్తమ్మా, ఇంటికి రండి, మీరు లేకపోతే నాకు అన్నం దిగడం లేదు, మీరు నాకు కావాలి అన్నాను. ముప్పై తొమ్మిదేళ్ల దాన్ని, ముక్కు కారేలా ఏడ్చాను.

వదిన చల్లగానే ఒక మాట అడిగింది. రేపు నువ్వు మళ్ల పెండ్లి చేసుకుంటే మా అమ్మ ఏమైతది? నేను అది ఆలోచించలేదు. నోటికొచ్చింది అనేశాను. ఈమెకు నచ్చినవాణ్ణే చేసుకుంటా, కుక్కర్ పెట్టడం వచ్చినవాణ్ణి చూడమనండి అన్నాను.

అత్తమ్మ నవ్వలేదు. అడగంది అమ్మ సుత అన్నం పెట్టది అంది. ఆ దినం అడుగుతవని నీ మొకం దిక్కే చూస్తిని. మబ్బు పోయి కన్ను సాఫ్‌గ అయినంక నేను కండ్లనిండ చూసింది నీ మొకమే. నువ్వేమో మంచిదే కదా అంటివి. ఇంగ నేనేం జేయాలె, బతిమాలాల్నా అంది.

వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. తల మీద చెయ్యి పెట్టింది. వదిన లోపలికి వెళ్లి బ్యాగ్ తెచ్చింది. రెండు ఆదివారాలకొకసారి ఇక్కడికి తోలుకరావాలె, ఒట్టు పెట్టు అంది. పెట్టాను.

పప్పు అక్కడే తినేశాం, ముగ్గురం.

జూలై 8, మంగళవారం

కంటి చెకప్. కౌంటర్‌లో ఇచ్చిన ఫారంలో, పేషెంట్‌కు మీరు ఏమవుతారు అని ఒక గడి. పెన్ను ఆగింది. పక్కనుంచి అత్తమ్మ తొంగి చూసి, కోడలు అని రాయి, ఏం సోంచాయిస్తున్నవ్ అంది. రాశాను. కాగితం లాక్కుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివింది. లైనులో వాళ్లందరూ విన్నారు.

ఎడమ కన్ను ఆగస్టులో.