దువ్వూరు దారిలో పసుపు దీపం

కడప,
17 మే 2009.

ప్రదీపన్నకు,

చెల్లెలు సుచరిత నమస్కరించి రాసేది. వదినా, పాపా బాగుండారని తలుస్తాను. మేమిప్పుడు కడప ఆసుపత్రిలో ఉండాము. భయపడొద్దు, గండం గడిచింది.

మొన్న ఆళ్లగడ్డలో మా అత్తమ్మ పుల్లమ్మకు గుండెనొప్పి లేచింది. ఆడి డాక్టరు సూదేసి, వెంటనే కడపకు తీసకపొమ్మన్నాడు. మీ బావ సరుకుతో ఊరు దాటి పోయినాడు. బాడుగ బండి దొరకలేదు. నువ్వు పూణే పోతా మాకు వదిలిన కారు నేనే తీసినా. మామ పెద్దసుబ్బయ్య ముందు సీట్లో, అత్తమ్మ వెనక పడుకోని.

చాగలమర్రి దాటి దువ్వూరు దారిలో పోతాంటే డాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది. గాలి తగ్గిన చక్రం కొంచెం చిన్నదై మిగతా వాటికంటే వేగంగా తిరుగుతుందనీ, ఆ తేడా పట్టుకొనే కారు దీపం వెలిగిస్తుందనీ నువ్వు చెప్పినావు కదా. వెనక అత్తమ్మ మూలుగుతాండాది. ఆగితే ఆమెకేమవుతుందో, ఆగకపోతే మా అందరికీ ఏమవుతుందో. ఇంతలో దీపం దానంతటదే ఆరిపోయింది. అయినా మామ, ఒకసారి ఆపి చూడు తల్లీ, అన్నాడు.

ఆపినా. కంటికి నాలుగు టైర్లూ ఒకటే మాదిరి ఉండాయి. ఒక్కోదాన్నీ తాకి చూసినా. ఎడమ వెనకది ముట్టుకుంటే చెయ్యి కాలింది. పక్కనే ఉన్న పంక్చరు షాపు ఏసన్న అనేటాయన పరుగున వచ్చి స్టెప్నీ వేసినాడు. ఊడదీసిన టైరు లోపలి పక్క రబ్బరు చిట్లి దారాలు బయటికొచ్చినాయి. ఇంకొంచెం పోయింటే పగిలి బండి బోర్లా పడేదన్నాడు. అత్తమ్మను సమయానికే చేర్చినాము. ఇప్పుడు గంజి తాగుతాండాది.

వదినను అడిగినానని చెప్పు.

నీ చెల్లెలు,
సుచరిత

తా.క.: పైదంతా మామ పక్కన కూచోని చదివించుకుంటాంటే రాసింది. ఇప్పుడాయన టీ తాగను పోయినాడు. దీపం దానంతటది ఆరలేదన్నా. గొర్రెల మంద అడ్డమొచ్చి బండి నిలబడితే, ఈ పీడ నీకెందుకమ్మీ అని ఆయనే చెయ్యి చాపి ఆ దీపం ఆర్పే బటన్ నొక్కినాడు. గాలి పట్టకుండా అది నొక్కితే, తక్కువ గాలినే సరైనదనుకొని కారు ఊరకుంటుందని నాకు తెలుసు. ఆపి చూస్తానంటే, నా పెండ్లాం ప్రాణం పోతాంటే నీకు టైరు ముఖ్యమా, పోనీ అని అరిచినాడు. మంద దాటినాక బండి పక్కకు తీసి ఆపి, తాళంచెవి కొంగుకు ముడేసుకొని దిగినా. ఆయన తిట్టిన తిట్లు రాయలేను. టైరు చూసినాక గానీ ఆ తిట్లు ఆగలేదు. ఇప్పుడు వచ్చినోళ్లందరికీ తానే ఆపమన్నానని చెప్పుకుంటాండాడు. అప్పుడు భయంతో అరిచినాడులే అని నేనూ కాదనలేదు.

అత్తమ్మ కండ్లు మూసుకోని అంతా వినిందంట. ఈ పొద్దు నా చెయ్యి పట్టుకొని, ఇంటికి పోయేటప్పుడు ముందు సీట్లో తాను కూచుంటాననీ, మీ మామను వెనక కూచోబెట్టమనీ చెప్పింది.